యువతకు శాంతి బాట చూపిన లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్

మన సంఘం ప్రత్యేక సంచికకు యువజనుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. డెబ్బయి అయిదు దాటిన వాణ్ణి, యువకుల గురించి నేనేం రాస్తానని మొదట అనిపించింది. ఆ తరువాత ఆలోచించగా, డెబ్బయి రెండేళ్ల వయసులో, జబ్బు దేహంతో, దేశంలోని యువకులను వెంట పెట్టుకొని నడిచిన ఒక పెద్దాయన జ్ఞాపకం వచ్చారు. ఆయనే లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ గారు. జేపీ అంటే మన ఇళ్లలోని పిల్లలు లోక్‌సత్తా స్థాపించిన మన తెలుగు జయప్రకాశ్ నారాయణ్ గారనే అనుకుంటున్నారు. నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు. 1979లో కన్నుమూసిన బీహారు జేపీ గురించి. ఆ పేరు మన తరానికి తెలుసు గాని, మనవల తరానికి చేరలేదు. అందుకే ఈ వ్యాసం ఇంటిల్లిపాదీ చదవాలని నా కోరిక.

దేశ రాజకీయాలు శాంతియుతంగా, నిలకడగా సాగాలంటే అది పోలీసుల పని, కోర్టుల పని, ఎన్నికల సంఘం పని అని మనం అనుకుంటాం. కాని వీధిలోకి ఎప్పుడు ఉద్రేకం వచ్చినా ముందుండేది పాతికేళ్ల లోపు వాళ్లే. వాళ్లు రాయి పట్టుకుంటారా, పట్టుకోరా అన్న దాని మీదే సగం శాంతి ఆధారపడి ఉంటుంది. ఈ సంగతిని జయప్రకాశ్ గారు గ్రహించినంతగా మరెవరూ గ్రహించలేదని నా నమ్మకం. అయితే ఆయన పుట్టుకతోనే శాంతివాది కాదు. ఆ దారికి ఎలా వచ్చారో తెలుసుకోవడమే ఈ కథలో అసలు విశేషం.

బాల్యం, చదువు

జయప్రకాశ్ గారు 1902 అక్టోబరు 11న సితాబ్‌దియారా అనే పల్లెలో పుట్టారు. గంగా, ఘాఘరా నదులు కలిసే చోట, బీహారు, ఉత్తరప్రదేశ్ సరిహద్దుల్లో ఉన్న ఊరది. తండ్రి హర్సూదయాళ్ గారు కాలువల శాఖలో చిన్న ఉద్యోగి. అంటే ఆయన కూడా మనలాంటి సర్కారీ కుటుంబంలోని బిడ్డే. తండ్రికి ఊరూరూ తిరిగే ఉద్యోగం కావడంతో పిల్లవాణ్ణి చిన్నతనంలోనే పాట్నాకు పంపి కాలేజియేట్ స్కూల్లో చేర్పించారు. తల్లి ఫూల్‌రాణీదేవి గారు. చదువులో చురుకైన వాడని పేరు తెచ్చుకొని, స్కాలర్‌షిప్పుతో పాట్నా కాలేజీలో చేరారు.

1920లో, పద్ధెనిమిదో ఏట, ఆయనకు ప్రభావతీదేవి గారితో వివాహమైంది. చంపారన్‌లో గాంధీజీకి తోడ్పడిన ప్రముఖ న్యాయవాది బ్రజకిశోర ప్రసాద్ గారి కుమార్తె ఆమె. ఆ మరుసటి సంవత్సరం మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి ప్రసంగం విని, పరీక్షలకు ఇంకా మూడు వారాలే ఉండగా జయప్రకాశ్ గారు కాలేజీ మానేశారు. సర్కారు సొమ్ముతో నడిచే చదువు వద్దనుకున్నారు. ఇంట్లో వాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోగలం. కాలువల శాఖ ఉద్యోగికి కొడుకు చదువే కదా ఆస్తి!

చదువు మీద మాత్రం ఆయనకు ఆశ చావలేదు. 1922లో ఓడెక్కి అమెరికా వెళ్లారు. భార్యను సబర్మతి ఆశ్రమంలో గాంధీజీ, కస్తూర్బాల సంరక్షణలో ఉంచారు. అక్కడ ఆయన చేయని పని లేదు. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల్లో కూలిపని చేశారు. పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేశారు. హోటల్లో ప్లేట్లు కడిగారు. బర్క్‌లీలో ఫీజులు పెరిగితే అయోవాకు, అక్కణ్ణుంచి విస్కాన్సిన్‌కు, చివరికి ఒహాయోకు మారుతూ సోషియాలజీలో ఎం.ఏ. పూర్తి చేశారు. కూలివాళ్ల మధ్య బతికిన ఆ ఏడేళ్లలోనే మార్క్స్ గ్రంథాలు చదివి సోషలిస్టు అయ్యారు. డాక్టరేటు చేయాలనుకున్నారు గాని, తల్లికి జబ్బు చేసిందని తెలిసి 1929లో తిరిగి వచ్చేశారు.

వచ్చి చూసేసరికి ప్రభావతి గారు ఆశ్రమంలో బ్రహ్మచర్య వ్రతం పట్టి ఉన్నారు. భర్త మార్క్సిస్టు, భార్య గాంధేయవాది. ఆయన ఆమె వ్రతాన్ని గౌరవించారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఒకే ఇంట్లో రెండు మార్గాలు నలభై ఏళ్లపాటు గొడవ లేకుండా ఇమిడిపోయాయి. శాంతి విషయంలో ఆయనకు మొదటి గురువు ప్రభావతి గారే అయి ఉంటారని నాకనిపిస్తుంది.

తుపాకీని నమ్మిన రోజులు

నెహ్రూ గారి పిలుపు మీద ఆయన కాంగ్రెసులో చేరారు. 1932లో నాసిక్ జైలుకు వెళ్లారు. అక్కడ పరిచయమైన మిత్రులతో కలిసి చేసిన ఆలోచనల ఫలితంగా 1934లో పాట్నాలో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ ఏర్పడింది. ఆచార్య నరేంద్రదేవ్ గారు అధ్యక్షత వహించగా, జయప్రకాశ్ గారు కార్యదర్శి అయ్యారు.

1942 క్విట్ ఇండియా ఉద్యమం నాటికి ఆయన హజారీబాగ్ జైల్లో ఉన్నారు. ఆ ఏడాది దీపావళి రాత్రి, తోటి ఖైదీలు పాటలతో, సంబరాలతో కాపలావాళ్లను ఏమరుపాటులో పెట్టగా, మరో అయిదుగురితో కలిసి ధోవతులను తాడుగా ముడివేసి జైలు గోడ దాటారు. కాళ్లకు చెప్పులైనా లేకుండా అడవుల్లో నడిచి తప్పించుకున్నారు. మా చిన్నప్పుడు మాస్టార్లు ఈ కథ చెబుతుంటే నోరు తెరుచుకొని వినేవాళ్లం.

తప్పించుకొని ఆయన చేసిందేమిటి? నేపాల్ అడవుల్లో ఆజాద్ దస్తా పేరుతో కుర్రవాళ్లను పోగుచేసి, సాయుధ పోరాటానికి శిక్షణ ఇప్పించారు. రైళ్లు, టెలిగ్రాఫ్ తీగలు ధ్వంసం చేస్తే తెల్లవాడి పాలన స్తంభిస్తుందని ఆనాడు ఆయన నమ్మకం. 1943 సెప్టెంబరులో పంజాబులో రైల్లో పట్టుబడ్డారు. లాహోరు కోటలో రాత్రింబవళ్లు నిద్ర పోనీయకుండా ప్రశ్నించారు. 1946 ఏప్రిల్లో విడుదలయ్యేసరికి దేశంలోని యువకులకు ఆయన ఒక వీరుడు. ఆ కీర్తితో ఆయన ఏ పదవి కోరినా దక్కేది. ఏదీ కోరలేదు.

ఉద్యోగుల నాయకుడు, జీవనదాని

మన సంఘం పాఠకులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కొన్నేళ్లపాటు జయప్రకాశ్ గారు అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యకు అధ్యక్షులుగా ఉన్నారు. తపాలా శాఖలోని పోస్టుమన్లు, కింది తరగతి సిబ్బంది సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు. చిన్న ఉద్యోగి జీతం, డి.ఏ., సెలవు, పెన్షను గురించి కేంద్ర ప్రభుత్వంతో ముఖాముఖి మాట్లాడిన మనిషి ఆయన.

1952 తొలి సాధారణ ఎన్నికల్లో సోషలిస్టులకు లోక్‌సభలో పన్నెండు స్థానాలే వచ్చాయి. అంతకు ముందే గాంధీజీ హత్య ఆయన మనసును కలచివేసింది. హింసతో వచ్చే మార్పు కడకు బలవంతుడి చేతుల్లోకే పోతుందన్న ఆలోచన ఆయనలో బలపడసాగింది. ఈలోగా మన తెలుగునేల మీద ఒక వింత జరిగింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే గారు హరిజనుల కోసం భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇచ్చారు. తుపాకులు మోగుతున్న తెలంగాణలో భూమి అలా అడిగి తీసుకోవచ్చునని తెలియడం జయప్రకాశ్ గారిని ఆకర్షించింది. 1954లో బుద్ధగయ సర్వోదయ సమ్మేళనంలో తన జీవితాన్నే దానంగా ప్రకటించారు. పార్టీ రాజకీయాలను విడిచి గ్రామాల బాట పట్టారు. నెహ్రూ గారి తరువాత ప్రధాని కాగలవారిలో ఒకరని అందరూ అనుకునే మనిషి, పార్టీనే వదిలేశారు.

కత్తుల మధ్యకు నడిచిన మనిషి

ఆ తరువాతి ఇరవై ఏళ్లు ఆయన చేసిన పనిని నాలుగు ముక్కల్లో చెబుతాను.

1964లో నాగాలాండ్‌లో సైన్యానికీ, తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పుల విరమణ కుదిర్చిన శాంతి బృందంలోని ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరూ అస్సాం ముఖ్యమంత్రి బిమలాప్రసాద్ చాలిహా గారు, క్రైస్తవ మతాచార్యుడు మైకేల్ స్కాట్ గారు.

1966-67లో బీహారులో కరువు వచ్చినప్పుడు సహాయ సంఘాన్ని ఆయన నడిపించారు. వందలాది కుర్రవాళ్లు గంజి కేంద్రాల్లో, బావుల తవ్వకంలో పనిచేశారు. యువకుల చేతికి పని ఇస్తే వాళ్లు రాయి వెతుక్కోరని ఆయనకు అక్కడ ప్రత్యక్షంగా తెలిసింది. వినోబా గారు ప్రారంభించిన శాంతిసేనకు అనుబంధంగా కుర్రవాళ్ల కోసం తరుణ శాంతిసేన కూడా ఆ దశకంలోనే రూపుదిద్దుకుంది. ఎక్కడ మతకలహం జరిగినా ఆ పిల్లలు వెళ్లి రెండు వాడలలోనూ తిరిగేవారు.

1970లో ముజఫర్‌పూర్ జిల్లా ముసహరి ప్రాంతంలో ఇద్దరు సర్వోదయ కార్యకర్తలను చంపుతామని నక్సలైట్ల పేర ఉత్తరాలు వచ్చాయి. విశ్రాంతి కోసం కొండ ప్రాంతంలో ఉన్న జయప్రకాశ్ గారు అది వినగానే బయలుదేరి అక్కడికి వెళ్లి, నెలల తరబడి ఆ పల్లెల్లోనే మకాం పెట్టారు. గుడిసె గుడిసెకూ తిరిగి చూస్తే ఆయనకు కనపడిందేమిటి? కౌలుదారు పేరు రికార్డుల్లో లేదు. భూపరిమితి చట్టం పుస్తకంలోనే ఉంది. కనీస కూలి ఎవరికీ అందడం లేదు. భూదానంలో ఇచ్చిన భూమి కూడా అందరికీ చేరలేదు. కుర్రవాళ్లు తుపాకీ పట్టడానికి ముందు ఇన్ని కాగితాలు అబద్ధమాడాయని ఆయన నిర్మొహమాటంగా రాశారు. రెవెన్యూ శాఖలో అడంగళ్లు, పహాణీలు రాసిన వాణ్ణి గనుక ఈ సంగతి నాకు బాగా తగిలింది. శాంతి అనేది పోలీసు స్టేషనులో కాక తాలూకా ఆఫీసులో మొదలవుతుందని ఆయన అనుభవం చెబుతోంది.

1972 ఏప్రిల్ 14న మధ్యప్రదేశ్‌లోని జౌరాలో చంబల్ లోయ బందిపోట్లు ఆయన సమక్షంలో గాంధీజీ పటం ముందు తుపాకులు దించారు. మాధోసింగ్ అనే పేరుమోసిన బందిపోటు అంతకు ముందు మారుపేరుతో పాట్నా వచ్చి ఆయన్ను కలిసి, లొంగిపోతామని కోరాడు. ఉరిశిక్ష ఉండదని ప్రభుత్వం చేత ఒప్పించి, మోహర్‌సింగ్ వంటి వారిని కూడా ఆయన రప్పించారు. యువజన శిబిరాలతో దేశమంతటా పేరుపొందిన ఎస్.ఎన్. సుబ్బారావు గారి ఆశ్రమం ఆ పనికి కేంద్రమైంది.

మరుసటి ఏడాది ఏప్రిల్ 15న ప్రభావతి గారు క్యాన్సర్‌తో మరణించారు. జయప్రకాశ్ గారికి గుండె జబ్బు, మధుమేహం. ఇక ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు.

1974 నాటి కుర్రవాళ్లు

1973 డిసెంబరులో ఆయన దేశంలోని యువజనులకు ఒక విజ్ఞప్తి ప్రకటించారు. ప్రజాస్వామ్యం చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవద్దని, శాంతియుతంగా ముందుకు రమ్మని అందులోని సారాంశం. అదే నెలలో అహ్మదాబాదులోని ఒక ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో మెస్సు బిల్లు పెంచారని విద్యార్థులు తిరగబడ్డారు. ధరల మంటతో జనం వాళ్లతో కలిశారు. 1974 ఫిబ్రవరిలో గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ గారు రాజీనామా చేశారు, మార్చిలో శాసనసభ రద్దయింది. కాని ఆ ఉద్యమంలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. దుకాణాల లూటీలు, దహనాలు జరిగాయి.

ఇది చదివేటప్పుడు మన రాష్ట్రం గుర్తుకు రాక మానదు. 1969లో తెలంగాణలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో ఎందరో తల్లుల కడుపుకోత చూశాం. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. అప్పుడు నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి. ఎన్జీవోలు సమ్మెలో ఉన్నారు. రైళ్లు ఆగిపోయాయి. మా వీధి చివర కాలిన బస్సు ఒకటి చాలా రోజులు అలాగే పడి ఉండేది. కోరిక న్యాయమా కాదా అన్నది వేరే మాట. ఆ కోరిక చెప్పుకోవడానికి కుర్రవాళ్లకు బస్సు తగలబెట్టడం తప్ప మరో పద్ధతి నేర్పిన పెద్దవాళ్లు లేకపోయారు. బీహారుకు అలాంటి పెద్దమనిషి ఒకరు దొరికారు.

1974 మార్చి 18న పాట్నాలో విద్యార్థులు శాసనసభను ముట్టడించారు. ఆ రోజు ఊరు తగలబడింది. పత్రికా కార్యాలయాలకు కూడా నిప్పు పెట్టారు. కాల్పుల్లో కొందరు చనిపోయారు. విద్యార్థి నాయకులు జయప్రకాశ్ గారి వద్దకు వెళ్లి నాయకత్వం వహించమన్నారు. ఆయన వెంటనే తలూపలేదు. ఉద్యమం పూర్తిగా శాంతియుతంగా ఉండాలని, ఏ పార్టీకీ తోకగా ఉండకూడదని షరతులు పెట్టారు. వాళ్లు ఒప్పుకున్నాకే రంగంలోకి దిగారు.

దిగి మొదట చేసిన పని చూడండి. ఏప్రిల్ 8న పాట్నా వీధుల్లో మౌన ఊరేగింపు. అందరూ నోటికి గుడ్డ కట్టుకున్నారు. నినాదం లేదు, అరుపు లేదు. మూడు వారాల క్రితం మంటలు చూసిన ఊరు, ఆ మౌనాన్ని చూసి విస్తుపోయింది. గొంతు చించుకునే వయసు పిల్లలను నోరు మూసుకొని నడిపించడం ఎంత కష్టమో, ఇంట్లో మనవలున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

జూన్ 5న గాంధీ మైదానంలో లక్షల మంది సమావేశమయ్యారు. సంపూర్ణ విప్లవం అన్న మాటను ఆయన ప్రజల ముందు ఉంచింది ఆ రోజే. రాజకీయం ఒక్కటే మారితే చాలదని, చదువు, ఆర్థిక వ్యవస్థ, కులం, కట్నం, మన నడవడి అన్నీ మారాలని దాని అర్థం. సభకు వస్తున్న ఊరేగింపు మీద దారిలో ఒక ఇంటి నుండి కాల్పులు జరిగి కొందరు గాయపడ్డారన్న కబురు సభకు చేరింది. ఆ క్షణంలో వేదిక మీద నుండి ఒక్క తప్పుడు మాట దొర్లితే పాట్నా మళ్లీ శ్మశానమయ్యేది. జయప్రకాశ్ గారు శాంతంగా ఉండమని కోరారు. జనం అలాగే ఉన్నారు. మార్చిలో నిప్పు పెట్టిన ఊరే జూన్‌లో చేతులు కట్టుకుంది. ఇది పోలీసుల వల్ల జరిగింది కాదు. కుర్రవాళ్లు తమ మీద తామే పెట్టుకున్న కాపలా అది.

నవంబరు 4న పాట్నాలో పోలీసుల లాఠీ ఆయన మీదనే పడబోయింది. నానాజీ దేశ్‌ముఖ్ గారు అడ్డుపడగా ఆయన చెయ్యి విరిగింది. అప్పుడు కూడా ప్రతీకారం జరగలేదు. 1975 జనవరి 1న ఛాత్ర యువ సంఘర్ష వాహిని అనే సంస్థను జయప్రకాశ్ గారు స్థాపించారు. ముప్పయ్యేళ్ల లోపు వాళ్లకే అందులో చోటు. ఏ పార్టీలోనూ ఉండకూడదు. అహింసను పాటించాలి.

ఆయనను విమర్శించిన వాళ్లూ తక్కువ కాదు. ప్రజలు ఎన్నుకున్న శాసనసభను వీధి ఉద్యమంతో రద్దు చేయమనడం ప్రజాస్వామ్యమేనా అని అడిగారు. వినోబా గారికే ఈ ఉద్యమం నచ్చలేదు. సర్వోదయ సంస్థ రెండుగా చీలింది. ఒక ఏడాది చదువు మానమని ఆయన ఇచ్చిన పిలుపును చాలామంది విద్యార్థులు పాటించలేదు, పరీక్షలకు వెళ్లారు. ఈ విమర్శలలో బలం లేదని నేను అనను. పార్టీలకు అతీతమన్న ఉద్యమంలోకి పార్టీలన్నీ వచ్చి కూర్చున్నమాట కూడా నిజం. అయినా ఉద్రేకం ఎలాగూ వచ్చే రోజుల్లో, దాన్ని రక్తపాతం లేని దారికి మళ్లించిన ఘనత ఆయనదేనని చెప్పక తప్పదు.

ఎమర్జెన్సీ, ఆపై ఓటు

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీ గారి ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. జూన్ 25న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో మాట్లాడుతూ జయప్రకాశ్ గారు, చట్టవిరుద్ధమైన ఆజ్ఞలను పోలీసులు, సైనికులు పాటించనక్కర్లేదన్నారు. ప్రభుత్వం దానినే కారణంగా చూపింది. ఆ రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది. తెల్లవారకముందే ఆయన్ను అరెస్టు చేశారు. ప్రభుత్వోద్యోగిగా ఈ మాట మీద నేను చాలాసార్లు ఆలోచించాను. ఏ ఆజ్ఞ చట్టబద్ధమో, ఏది కాదో గుమాస్తా తనంతట తాను తేల్చుకుంటే ఆఫీసు నడవదు. అసలే ఆలోచించకపోతే ఏమవుతుందో ఆ ఇరవై ఒక్క నెలలు చూపించాయి. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. పది గంటలకల్లా అందరూ కుర్చీల్లో ఉండేవారు, నిజమే. కాని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనిషికింతమందిని తేవాలని ఒక పై అధికారి లెక్క కట్టి చెప్పేవారు. తేలేనివాడి ఇంక్రిమెంటు ఆగుతుందన్న భయంతో గుమాస్తాలం పల్లెలకు తిరిగాం.

చండీగఢ్ ఆసుపత్రిలో నిర్బంధంలో ఉండగా జయప్రకాశ్ గారి మూత్రపిండాలు పాడయ్యాయి. 1975 నవంబరులో విడుదల చేశారు. బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో చికిత్స పొందారు. అక్కణ్ణుంచి బతికినన్నాళ్లూ డయాలిసిస్ మీదనే. ఆ యంత్రం కొనడానికి జనం తలా ఒక రూపాయి చందా వేశారు.

వేలాది విద్యార్థులు జైళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఓటు హక్కు కూడా లేదు. ఆ రోజుల్లో ఓటుకు ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. 1989లోగాని అది పద్ధెనిమిదికి తగ్గలేదు. ఓటు లేని పిల్లలు ఓటు కోసం జైలుకు వెళ్లారన్న మాట. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినప్పుడు అదే యువత జైలు నుండి బయటికి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. పగ తీర్చుకోలేదు. ఓట్లు అడిగింది. ఇందిరాగాంధీ గారు స్వయంగా ఓడిపోయారు. మొరార్జీ దేశాయ్ గారు ప్రధాని అయ్యారు. ఢిల్లీలో అధికారం ఒక పార్టీ చేతి నుండి మరో పార్టీ చేతికి మారడం అదే మొదటిసారి. ఒక్క తూటా పేలకుండా మారింది.

ఆ ఎన్నికల్లో నేను పోలింగు డ్యూటీలో ఉన్నాను. వేలికి సిరా పెట్టడం నా పని. మన రాష్ట్రం తీర్పు వేరుగా వచ్చింది. నలభై రెండు స్థానాల్లో నలభై ఒకటి కాంగ్రెసుకే. నంద్యాల నుండి గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు ఒక్కరే జనతా పార్టీ. ఆయన ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. ఉత్తరాది ఒక తీర్పు, మనం ఒక తీర్పు. రెండూ పెట్టెల్లోంచే వచ్చాయి గనుక ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. నిలకడ అంటే అందరూ ఒకేలా ఓటెయ్యడం కాదని నాకు ఆ లెక్కింపు రోజున బోధపడింది.

గెలిచాక జయప్రకాశ్ గారు ఏ పదవీ తీసుకోలేదు. పైగా ఓడిపోయిన ఇందిర గారి ఇంటికి వెళ్లి పలకరించి వచ్చారు. నెహ్రూ కుమార్తెగా చిన్ననాటి నుండి తెలిసిన అమ్మాయి ఆమె. తనను జైల్లో పెట్టిన మనిషిని పలకరించడానికి వెళ్లగలగడం, నా దృష్టిలో గాంధీ మైదానం సభ కన్నా పెద్ద పాఠం.

చివరి రోజులు

తాను గెలిపించిన జనతా ప్రభుత్వం కలహాలతో రెండేళ్లకే కూలిపోవడం ఆయన కళ్లారా చూశారు. 1979 మార్చిలో ఆయన చనిపోయారని పొరపాటు వార్త వచ్చి, పార్లమెంటులో సంతాపం కూడా తెలిపారు. ఆయన అప్పటికి జస్లోక్ ఆసుపత్రిలో బతికే ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరు 8న, డెబ్బయి ఏడో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, పాట్నాలో కాలధర్మం చెందారు. 1999లో దేశం ఆయనకు భారతరత్న ఇచ్చింది.

ఆయన తయారుచేసిన యువకులు రెండు దారుల్లో నడిచారు. కొందరు ఎన్నికల్లో నిలబడి ముఖ్యమంత్రులు, మంత్రులు అయ్యారు. లాలూప్రసాద్, నితీశ్ కుమార్ గార్లు ఆ ఉద్యమంలోంచి వచ్చినవారే. అవినీతికి వ్యతిరేకంగా మొదలైన ఉద్యమంలో పెరిగిన వారిలో అవినీతి కేసుల్లో శిక్ష పడినవారూ ఉన్నారు. ఇది విచారకరం.

రెండో దారి పట్టిన వారి గురించి పత్రికల్లో పెద్దగా రాలేదు. వాహిని కుర్రవాళ్లు 1978 నుండి బుద్ధగయలోని పెద్ద మఠం భూముల్లో పనిచేసే నిరుపేద కూలీల మధ్య మకాం పెట్టారు. మఠం చేతిలో వేల ఎకరాలు ఉండేవి. కూలీలు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా చెయ్యి ఎత్తకూడదన్న నియమం తప్పలేదు. చివరికి భూమి పంచవలసి వచ్చింది. పట్టాలు తమ పేరనే ఇవ్వాలని ఆడవాళ్లు పట్టుబట్టారు, చాలాచోట్ల సాధించుకున్నారు. మన దేశంలో పేద స్త్రీ తన పేరుతో భూమి పట్టా పొందిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. జయప్రకాశ్ గారు జీవనదానం ప్రకటించింది ఆ బుద్ధగయలోనే అని పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇంట్లో పిల్లలకు ఒక మాట

ఈ జీవితం నుండి నేను గ్రహించిన దానిని క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. యువకులను శాంతంగా ఉండండని ఊరికే కోరితే వాళ్లు ఉండరు, ఉండనక్కర్లేదు కూడా. అన్యాయాన్ని చూసి కోపం రాని యువకుడు దేశానికి పనికిరాడు. ఆ కోపానికి ఒక పని, ఒక నియమం, ఒక గడువు ఇవ్వాలి. జయప్రకాశ్ గారు చేసింది అదే. కరువు వచ్చినప్పుడు గంజి వండించారు. ఉద్యమం వచ్చినప్పుడు నోటికి గుడ్డ కట్టించారు. ఎన్నికలు వచ్చినప్పుడు ఓటరు ఇంటికి పంపించారు.

ఇప్పుడు రాయి విసరడానికి వీధిలోకి కూడా వెళ్లక్కర్లేదు. జేబులోని ఫోను చాలు. కులం మీదనో, మతం మీదనో, మన రెండు రాష్ట్రాల మధ్యనో నిప్పు రాజెయ్యడానికి ఒక అబద్ధపు సందేశం సరిపోతుంది. అది నిజమో కాదో తెలుసుకోకుండా పదిమందికి పంపకుండా ఉండటం కూడా ఈనాడు శాంతిసేన పనే. పద్ధెనిమిది నిండిన మనవడు, మనవరాలు ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకున్నారా అని ప్రతి పెన్షనరూ ఇంట్లో అడగాలని నా మనవి. ఫారం నింపడంలో మనకున్న అనుభవం ఎవరికుంది! పక్కన కూర్చొని నింపించండి. నింపుతూ నింపుతూ హజారీబాగ్ జైలు గోడ కథ చెప్పండి, దానితో పాటు పాట్నా మౌన ఊరేగింపు కథ కూడా చెప్పండి. మొదటిది వాళ్లకు వెంటనే నచ్చుతుంది. రెండోది ఎక్కువ కాలం పనికివస్తుంది.